బీపీ బిళ్ల ఒంట్లో చేసే పని

రక్తం పారుతూ ధమనుల గోడల మీద మోపే ఒత్తిడే రక్తపోటు. దాన్ని ప్రధానంగా రెండు విషయాలు నిర్ణయిస్తాయి. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోంది, ఆ రక్తం వెళ్లే సన్న ధమనులు ఎంత బిగుసుకుని ఉన్నాయి. పొలంలో మోటారు గట్టిగా తోసినా, పైపు సన్నబడినా లోపల ఒత్తిడి పెరిగినట్టే ఇక్కడా. గుండెకు చేరే రక్తం ఎంతన్నది ఒంట్లో నిలిచిన ఉప్పు, నీటి మీద ఆధారపడుతుంది. ఆ లెక్క కిడ్నీలు చూసుకుంటాయి. మందుల షాపు అరల్లో బీపీ బిళ్లల పేర్లు వందల్లో ఉన్నా అవన్నీ పనిచేసేది గుండె, ధమని గోడ, కిడ్నీ అనే ఈ మూడు చోట్లే, లేదంటే వాటికి ఆజ్ఞలు మోసే నరాల మీద, హార్మోన్ల మీద.

ఈ మందులతో వచ్చే ఇబ్బందులను జనం ‘పడలేదు’, ‘వేడి చేసింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి వాటిలో చాలావరకు మందు చేసే అసలు పనిలోంచి పుట్టినవే. బీపీని దించిన చర్యే మరో అవయవంలోనూ జరిగితే అది దుష్ఫలితంగా బయటపడుతుంది. ఏ బిళ్ల ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే దానితో ఏ చిక్కు రావచ్చో చాలామటుకు ముందే ఊహించవచ్చు.

ఎనభై ఏళ్ల కిందట ఈ జబ్బుకు చెప్పుకోదగ్గ మందే లేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై మరణించారు. ఆ రోజు డాక్టరు కొలిచిన బీపీ 300/190. అంతటి మనిషికి అందిన వైద్యమంతా కలిపితే ఉప్పు తగ్గించడం, విశ్రాంతి, నిద్రమత్తునిచ్చే ఫినోబార్బిటాల్, గుండెకు డిజిటాలిస్. ఆ తర్వాత వచ్చిన తొలి మందుల్లో ఒకటి మన దేశపు మొక్క నుంచే వచ్చింది. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసిన వ్యాసం ప్రపంచం దృష్టిలో పడింది. మూడేళ్లకు స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అదే వేరు నుంచి రిసర్పిన్‌ను విడదీశారు. ధమనులను బిగించమని చెప్పే నరాల కొసల్లో నోర్‌ఎడ్రినలిన్ అనే రసాయనం నిల్వ ఉంటుంది. రిసర్పిన్ ఆ నిల్వను ఖాళీ చేస్తుంది. దాంతో ధమనులు సడలి బీపీ దిగేది. ముక్కు లోపలి రక్తనాళాలూ సడలిపోయి ముక్కు దిబ్బడ వేసేది. మెదడులోనూ ఆ నిల్వ తరిగిపోయి కొందరు దిగులులో కూరుకుపోయేవారు. జరిగింది ఒకే పని, జరిగిన చోట్లు మూడు. ఇప్పుడు రిసర్పిన్ వాడకం దాదాపు లేనట్టే.

1958లో అమెరికాలో మెర్క్ కంపెనీ క్లోరోథయజైడ్‌ను అమ్మకానికి తెచ్చింది. రోజూ నోటితో వేసుకుంటూ మామూలుగా బతకగలిగే మందు అలా మొదటిసారి దొరికింది. దాని సంతతి అయిన హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్‌లను ఇప్పటికీ విరివిగా రాస్తారు. వాడుకలో వీటిని నీటి బిళ్లలు అంటారు. కిడ్నీ తను వడకట్టిన ఉప్పులో అధిక భాగాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. ఈ మందులు ఆ పీల్చుకునే గొట్టం చివరి భాగంలో అడ్డుపడతాయి. ఉప్పు మూత్రంలో పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. మొదటి వారాల్లో బీపీ దిగేది అందువల్లే. కొన్ని వారాలకు రక్తం పరిమాణం దాదాపు మామూలుకు వచ్చినా, ధమనులు సడలి ఉండటంతో బీపీ తగ్గే ఉంటుంది. కాబట్టి ‘మూత్రం మునుపటిలా రావడం లేదు, బిళ్ల పనిచేయడం మానేసింది’ అనుకోవడం పొరపాటు. రాత్రి నిద్ర చెడకుండా వీటిని పొద్దున పూట వేసుకోమంటారు.

ఉప్పుతోపాటు పొటాషియమూ పోతుంది. పిక్కలు పట్టేయడం, నీరసం, మరీ తగ్గితే గుండె లయ తప్పడం దీని ఫలితాలు. యూరిక్ యాసిడ్ బయటికి పోవడం తగ్గి, కొందరికి కాలి బొటనవేలి కీలు రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెడుతుంది. అదే గౌట్. రక్తంలో చక్కెర కాస్త పెరగవచ్చు. అయితే ఇదే గొట్టంలో క్యాల్షియం మాత్రం వెనక్కి నిలుస్తుంది. క్యాల్షియం రాళ్లు పడే తత్వం ఉన్నవారికి అది మేలు.

పెద్దవాళ్ల విషయంలో అన్నిటికన్నా గమనించాల్సింది సోడియం. ‘నాన్నగారికి సోడియం పడిపోయిందట’ అన్న మాట ఈమధ్య తెలుగు ఇళ్లలో తరచూ వినబడుతోంది. డెబ్బై దాటిన మనిషి రెండు రోజులుగా మగతగా ఉంటారు, నడుస్తూ తూలుతారు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతారు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. రక్తపరీక్ష చేస్తే 135కు పైగా ఉండాల్సిన సోడియం 115 దగ్గర ఉంటుంది. దీనికి కారణాలు చాలా ఉన్నా నీటి బిళ్ల వాటిలో ముఖ్యమైనది. తిండి తగ్గిపోయి నీళ్లు మాత్రం బాగా తాగే వృద్ధులకు, అందులోనూ ఆడవారికి, ఇది త్వరగా వస్తుంది. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఒకసారి సోడియం, పొటాషియం చూడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆ పరీక్ష ఖర్చు దండగ అనుకోకూడదు.

ఫ్యురోసెమైడ్, టోర్సెమైడ్ కూడా నీరు తీసేవే, ఇంకా బలంగా తీస్తాయి. గుండె బలహీనపడి ఒళ్లు నీరు పట్టినప్పుడు, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు వీటి అవసరం. ఉత్త బీపీకి వీటిని సాధారణంగా రాయరు. స్పైరోనోలాక్టోన్ వేరే తీరు మందు. ఉప్పును పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే ఆల్డోస్టెరాన్ హార్మోన్‌ను అది అడ్డుకుంటుంది. మూడు మందులకూ లొంగని బీపీలో నాలుగోదిగా బాగా పనిచేస్తుంది. ఇది పొటాషియాన్ని పోనివ్వదు, పైగా పెంచుతుంది. మగ హార్మోన్ పనికి కూడా అడ్డు తగలడంతో కొందరు మగవారికి రొమ్ములు వాచి నొప్పెడతాయి. సిగ్గుపడి చెప్పుకోక నెలల తరబడి బాధపడేవారున్నారు. మందు మారిస్తే పోయే ఇబ్బంది అది.

బీటా బ్లాకర్లు గుండె మీద పనిచేస్తాయి. భయం, కోపం వచ్చినప్పుడు, పరుగెత్తినప్పుడు ఎడ్రినలిన్ అనే హార్మోన్ గుండెను వేగంగా కొట్టిస్తుంది. ఆ ఎడ్రినలిన్ అతుక్కునే చోట్లను ముందే ఆక్రమిస్తే గుండెకు శ్రమ తగ్గుతుందని స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఆలోచించారు. అలా 1964లో ప్రొప్రనొలాల్ వచ్చింది. ఆయన గురి నిజానికి ఛాతీ నొప్పి మీద. బీపీ కూడా తగ్గుతుందని తర్వాత తెలిసింది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, నెబివొలాల్ ఈ కుటుంబానివే. నాడి నెమ్మదించడం, మెట్లెక్కుతుంటే అలసట, చేతులు కాళ్లు చల్లబడటం వీటి ఇబ్బందులు. ఎడ్రినలిన్ ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచుతుంది కాబట్టి దాన్ని అడ్డుకుంటే ఉబ్బసం ఉన్నవారికి పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. చక్కెర పడిపోయేటప్పుడు గుండెదడ, వణుకు హెచ్చరిస్తాయి. బీటా బ్లాకరు ఆ రెంటినీ నొక్కేస్తుంది. చెమట పట్టడం మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని బట్టి పసిగట్టాలి. గుండెపోటు వచ్చినవారికి, గుండె బలహీనపడినవారికి, లయ తప్పినవారికి ఇవి చాలా అవసరం. అలాంటి కారణం లేని ఉత్త బీపీలో మొదటి మందుగా వీటిని రాయడం తగ్గింది. పక్షవాతాన్ని ఆపడంలో తక్కిన మందులంత గట్టిగా ఇవి నిలబడలేదు.

తెలుగు రాష్ట్రాల్లో బీపీ బిళ్ల అనగానే ఎక్కువమంది చేతిలో కనిపించేది ఆమ్లోడిపిన్. ధమని గోడలోని కండర కణాల్లోకి క్యాల్షియం వెళ్తేనే ఆ కండరం బిగుస్తుంది. ఆ క్యాల్షియం వెళ్లే దారులను ఆమ్లోడిపిన్ మూసేస్తుంది, ధమని సడలుతుంది. తిండిలోని క్యాల్షియంతో గానీ, ఎముకలకు వేసుకునే క్యాల్షియం బిళ్లలతో గానీ దీనికి తగువు లేదు. ఆమ్లోడిపిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజుకు ఒక్క బిళ్ల చాలడం, ఒక పూట మరిచిపోయినా బీపీ ఎగబాకకపోవడం దాని సుగుణాలు. ఇదే కుటుంబంలోని నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను గుచ్చి నాలుక కింద పిండే అలవాటు ఒకప్పుడు ఆసుపత్రుల్లో ఉండేది. బీపీ నిమిషాల్లో కుప్పకూలి, మెదడుకు, గుండెకు రక్తం చాలక ప్రాణాల మీదికి వచ్చిన సంఘటనల తర్వాత దాన్ని వదిలేశారు. బీపీ ఎంత వేగంగా దిగితే అంత మంచిదన్న నమ్మకం మాత్రం జనంలో ఇంకా పోలేదు.

ఆమ్లోడిపిన్ మొదలుపెట్టిన రోజుల్లో ముఖం వేడెక్కడం, తలనొప్పి ఉండవచ్చు, క్రమంగా సర్దుకుంటాయి. అరుదుగా చిగుళ్లు పెరుగుతాయి. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది కాళ్ల వాపు. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతాయి, చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడుతుంది, రాత్రి పడుకుంటే పొద్దునకు తగ్గుతుంది. గుండెకో కిడ్నీకో ముప్పు వచ్చిందని హడలిపోతారు. అసలు కారణం ఇది. మందు ధమని వైపు తలుపు తెరుస్తుంది గానీ సిర వైపు తెరవదు. మధ్యనున్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టూ కండలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీటి బిళ్ల వేసినా పెద్దగా తగ్గదు. అయినా ఈ వాపుకు ఫ్యురోసెమైడ్, దానివల్ల తగ్గిన పొటాషియానికి మరో సిరప్పు రాసిన చీటీలు కనిపిస్తూనే ఉంటాయి. 10 మిల్లీగ్రాముల మోతాదును 5కు దించడం, సిరలను కూడా సడలించే టెల్మిసార్టాన్ లాంటి మందును జతచేయడం దీనికి సరైన విరుగుళ్లు. అయితే కొత్తగా వచ్చిన వాపును, ముఖ్యంగా ఒక్క కాలికే వచ్చినా, ఆయాసంతో కలిసి వచ్చినా, డాక్టరు చూడకుండా బిళ్ల మీదికి నెట్టేయకూడదు. వెరాపమిల్, డిల్టియాజెమ్ ఇదే దారులను మూసినా గుండె మీద ఎక్కువ పనిచేస్తాయి. వెరాపమిల్‌తో మలబద్ధకం ఎక్కువ. బీటా బ్లాకరుతో కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మిగిలిన పెద్ద కుటుంబం కథ బ్రెజిల్ అడవుల్లోని జరరాకా పాము దగ్గర మొదలవుతుంది. అది కరిచినవారి బీపీ పడిపోతుంది. సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త 1965లో దాని విషంలో, రక్తనాళాలను సడలించే బ్రాడీకైనిన్‌ను విరగకుండా కాపాడే పదార్థాన్ని గుర్తించారు. ఆ విషాన్ని ఆయన లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకెళ్లారు. అక్కడ తేలిందేమిటంటే, ఆ పదార్థం ఏసీఈ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్‌ది రెండు చేతుల పని. కిడ్నీకి రక్తం తక్కువగా అందినట్టు తోస్తే కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దానితో యాంజియోటెన్సిన్ వన్ తయారవుతుంది. ఏసీఈ దాన్ని యాంజియోటెన్సిన్ టూగా మారుస్తుంది. ధమనులను గట్టిగా బిగించేది, ఆల్డోస్టెరాన్‌ను లేపి ఉప్పు నిలిపేది ఆ యాంజియోటెన్సిన్ టూ. మరో చేత్తో ఏసీఈ బ్రాడీకైనిన్‌ను విరిచేస్తుంది. అమెరికాలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు కుష్‌మన్, ఒండెట్టి ఈ ఎంజైమ్‌కు సరిపోయే చిన్న అణువును ప్రయోగశాలలో రూపొందించారు. అదే 1981లో అనుమతి పొందిన కాప్టోప్రిల్. అందులో పాము విషం చుక్క కూడా ఉండదు. పేరు చివర ‘ప్రిల్’ ఉన్న ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ దాని తర్వాతి తరం.

బ్రాడీకైనిన్ విరగకుండా పోగుపడటమే పేరుమోసిన పొడిదగ్గుకు కారణం. కఫం ఉండదు, జ్వరం ఉండదు. గొంతులో గరగరతో రాత్రిళ్లు కూడా ఆగని దగ్గు. దగ్గు సిరప్పులకు, యాంటీబయాటిక్‌లకు లొంగదు. క్షయ అనుమానంతో ఎక్స్‌రేలు తీయించుకున్నాక కారణం రామిప్రిల్ అని తేలిన సందర్భాలు డాక్టర్లకు కొత్త కావు. బిళ్ల ఆపిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో సాధారణంగా పోతుంది. అరుదైనా భయపడాల్సింది పెదవులు, నాలుక, గొంతు ఉబ్బడం. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ కుటుంబం మందును జీవితంలో మళ్లీ ముట్టకూడదు.

బ్రాడీకైనిన్ జోలికి పోకుండా యాంజియోటెన్సిన్ టూ అతుక్కునే చోటును మాత్రమే మూసేవి సార్టాన్లు. 1995లో లోసార్టాన్‌తో ఇవి మొదలయ్యాయి. ఇక్కడ ఎక్కువగా వాడేది టెల్మిసార్టాన్. దగ్గు ఉండదు, ఉబ్బడం చాలా అరుదు. బీపీ దించడంలో ప్రిల్, సార్టాన్ సమానమే. షుగరు ఉండి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నవారి కిడ్నీలను రెండూ కాపాడతాయి. అలాగని రెండింటినీ కలిపి వాడితే లాభం పెరగదు, కిడ్నీకి ముప్పు పెరుగుతుంది. రెండూ పొటాషియాన్ని పెంచుతాయి. మొదలుపెట్టిన కొత్తలో, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. 30 శాతం లోపు పెరుగుదలను డాక్టర్లు సాధారణంగా భరిస్తారు, అంతకు మించితే కారణం వెతుకుతారు. గర్భిణులు ఈ రెంటినీ వాడకూడదు. కడుపులోని బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు లాబెటలాల్, నిఫెడిపిన్, మెథిల్‌డోపా వాడతారు. బిడ్డ కోసం ఆలోచిస్తున్నవారు ముందే మందు మార్పించుకోవాలి.

తక్కినవి అవసరం పడితేనే. ప్రజోసిన్ మొదటి మోతాదుకే నిలబడిన మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు, కనుక దాన్ని రాత్రి పడుకునే ముందు మొదలుపెడతారు. క్లోనిడిన్ నోరు ఎండగడుతుంది, హఠాత్తుగా మానితే బీపీ మునుపటికన్నా పైకి ఎగుస్తుంది. మినాక్సిడిల్ ఒళ్లంతా వెంట్రుకలు మొలిపిస్తుంది. బట్టతలకు రాసే ద్రావణంగా ఇప్పుడు అమ్ముడుపోయేది ఆ మందే.

ఒక దారి మూస్తే ఒళ్లు ఇంకో దారి వెతుక్కుంటుంది. నీటి బిళ్ల ఉప్పు తీసేస్తే కిడ్నీ రెనిన్‌ను పెంచుతుంది. ఆ రెనిన్ ఫలితాన్ని సార్టాన్ అడ్డుకుంటుంది. అందుకే చాలామందికి ఒక మందు పూర్తి మోతాదుకన్నా రెండు మందుల చిన్న మోతాదులు మేలు. సగం మోతాదు పూర్తి మోతాదులో సుమారు 80 శాతం పని చేస్తుంది, ఇబ్బందులు మాత్రం అంతకన్నా బాగా తగ్గుతాయి. ‘రెండో బిళ్ల రాశారంటే జబ్బు ముదిరింది’ అనుకోనక్కరలేదు. రెండు మందులు కలిపిన బిళ్లలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

బీపీ మందులకు బయటి నుంచి వచ్చే పెద్ద శత్రువు మోకాళ్ల నొప్పుల బిళ్ల. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఉప్పును నిలిపి బీపీని పెంచుతాయి, కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. అప్పటికే నీటి బిళ్లతో రక్తం తగ్గి, సార్టాన్‌తో కిడ్నీలోంచి బయటికి వెళ్లే నాళం సడలి ఉంటే వడపోతకు కావలసిన ఒత్తిడి మిగలదు. ఈ మూడూ కలిసినప్పుడు, పైగా వాంతులో విరేచనాలో ఎండదెబ్బో తోడైతే, కిడ్నీలు ఒక్కసారిగా చతికిలపడవచ్చు. అలాంటి రోజుల్లో నీటి బిళ్లను, ప్రిల్ లేదా సార్టాన్‌ను కొన్నాళ్లు ఆపాలేమో డాక్టరును అడగాలి. నొప్పికి పారాసిటమాల్ నయం. లో సోడియం ఉప్పుతోనూ జాగ్రత్త అవసరం. అందులో తగ్గించిన సోడియం స్థానంలో ఉండేది పొటాషియం. కిడ్నీ జబ్బు ఉండి సార్టాన్ వాడేవారికి ఆ ఉప్పు, రోజూ తాగే కొబ్బరినీళ్లు కూడా ప్రమాదమే. ఆవకాయ, అప్పడాలు తగ్గించుకోవడం వారికి అంతకన్నా క్షేమం.

పెద్దవాళ్లు ఏ బీపీ మందు వాడుతున్నా లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడాలి. రాత్రి మూత్రానికి లేచి కళ్లు తిరిగి పడి తుంటి విరిగితే, దించిన బీపీ వల్ల వచ్చిన లాభమంతా పోతుంది. పొద్దున వేసుకోవాలా, రాత్రా అన్నదానికి 2022లో బ్రిటన్‌లో వెలువడిన టైమ్ అధ్యయనం జవాబిచ్చింది. గుండెపోట్లు, పక్షవాతాలలో తేడా ఏమీ కనబడలేదు. మరిచిపోని వేళే మంచి వేళ. మరిచిన బిళ్లను మర్నాడు రెట్టించి వేసుకోకూడదు. బీటా బ్లాకరును, క్లోనిడిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 24 శాతానికి, ఆడవారిలో 21 శాతానికి అధిక రక్తపోటు ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ సగటుకు పైనే ఉన్నాయి. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ బిళ్లలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. దగ్గు వచ్చినా, కాళ్లు వాచినా, దాంపత్యంలో ఇబ్బంది కలిగినా బిళ్లను ఇంట్లోనే మానేయకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. దాదాపు ప్రతి ఇబ్బందికీ మార్చగల మరో మందు ఉంది. వెళ్లేటప్పుడు ‘చిన్న తెల్ల బిళ్ల’ అని చెప్పడం చాలదు, బీపీ బిళ్లల్లో సగం చిన్న తెల్ల బిళ్లలే. వాడుతున్న మందుల పట్టీలన్నీ, నొప్పుల బిళ్లలతో సహా, వెంట తీసుకెళ్లాలి.